నాలుగింటి ఆకలి

ప్రయోగశాలలో అందరూ ఆమెను వంటక్క అనేవారు. ఇరవై రెండేళ్లుగా రోజూ పొద్దున్నే ఆమె వండుతున్న మాట నిజమే గానీ, ఆ వంట తినేవాళ్లకు నోళ్లు లేవు. పిండిపొడి, పీచు, పాలపొడి లాంటి మరో పొడి, నాలుగు రకాల ఉప్పులు, పశువుల కడుపులోంచి తీసి ఎండబెట్టిన జిగురు, అన్నీ తూకం వేసి నీళ్లలో కలిపి, ఆవిరి పెట్టెలో ఉడికించి, చల్లారాక పెద్ద గాజు సీసాల్లోకి ఎత్తేది. చూడ్డానికి అచ్చం కుడితి. వాసనా అంతే. కొత్తగా చేరినవాళ్లు ముక్కు మూసుకుంటే, “మీ లోపల ఇంతకన్నా ఘోరంగా ఉంటుంది బాబూ, కనబడదు కాబట్టి మర్యాదగా తిరుగుతున్నారు” అనేది.

ఆ కుడితి తినేది గాజు పేగు. రెండో అంతస్తు చివరిగదిలో బల్ల మీద ఒక్కో పేగుకు ఐదేసి జాడీలు వరసగా నిలబడి ఉండేవి. మొదటిది కడుపు, రెండోది చిన్నపేగు, మిగతా మూడూ పెద్దపేగు. జాడీకీ జాడీకీ మధ్య రబ్బరు గొట్టాలు. జాడీల చుట్టూ మరో గాజు తొడుగు, అందులో మనిషి ఒంటి వేడితో తిరిగే నీళ్లు. గాలి సోకితే చచ్చిపోయే సూక్ష్మజీవులు గనక, పొద్దునా సాయంత్రమూ లోపలికి నైట్రోజన్ వదిలి గాలిని తోసేసేవారు. పొద్దున ఏడింటికి, పన్నెండింటికి, రాత్రి ఏడింటికి పంపు తనంతట తానే తిండి ఎక్కించేది. మనిషి పేగుల్లో కాపురముండే కోట్ల ప్రాణాలకు, మనిషి లేకుండా ఇల్లు కట్టి పెట్టడమన్న మాట. కొత్త మందులు మనిషి నోట్లో వేసేముందు ఆ జాడీల్లో వేసి, లోపలి కాపురం చెడుతుందో నిలుస్తుందో చూసేవారు.

వంటక్కకు తనదంటూ సంసారం లేదు. తోడబుట్టినవాడు ఒక్కడే అన్నయ్య. సిటీబస్సు డ్రైవరు. ముప్ఫై ఒక్క ఏళ్లు పొద్దుటి డ్యూటీ తప్ప ఇంకోటి చేయలేదు. కోడి కూయకముందే ఇల్లు వదిలి, మూడున్నరకు తిరిగొచ్చి, స్నానం చేసి, సరిగ్గా నాలుగింటికి పళ్లెం ముందు కూర్చునేవాడు. సెలవురోజైనా అంతే, చుట్టాలింటికి వెళ్లినా అంతే. మధ్యాహ్నం పన్నెండింటికి ఎవరెంత బతిమాలినా ముద్ద ముట్టేవాడు కాదు. “నా పొట్టకు టైమ్ కీపర్ ఉన్నాడమ్మా, వాడు సంతకం పెట్టందే గేటు తియ్యడు” అనేవాడు.

ప్రయోగశాలకు యాభై ఐదు దాటిన ఆరోగ్యవంతుల మలం కావలసి వచ్చినప్పుడు, వంటక్క వెళ్లి అడిగింది అన్నయ్యనే. ఏడాదిగా ఆయన యాంటీబయాటిక్ బిళ్ల మింగలేదు. రక్తపోటు తప్ప వేరే జబ్బు లేదు.

“జీవితమంతా జనాన్ని మోశాను. ఇప్పుడు నా పొట్టలో ప్రయాణికుల్ని కూడా దింపుకుంటారా?” అన్నాడు అన్నయ్య.

“అడిగిన ఆడపడుచుకు లేదనకూడదు, ఇచ్చెయ్యండి” అంది వదిన వంటగదిలోంచి, నవ్వు ఆపుకుంటూ.

మర్నాడు మూత బిగించిన డబ్బా చెల్లెలి చేతిలో పెట్టి, “జాగ్రత్తగా తీసుకెళ్లు, స్టాపుకాని చోట దింపకు” అన్నాడు. వంటక్క తనే దాన్ని కలిపి, వడగట్టి, ఐదు చిన్న గొట్టాల్లో నింపి, చీటీ మీద పదిహేడు అని రాసి మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టింది. పేర్ల జాబితా ప్రయోగశాల నడిపే పెద్దమేడం బీరువాలో ఉండేది. పనిచేసేవాళ్లకు ఏ నంబరు ఎవరిదో తెలియకూడదన్నది నియమం. వంటక్కకు తెలిసిన నంబరు అదొక్కటే.

ఎనిమిది నెలల తర్వాత అన్నయ్య పోయాడు. డిపోలో బస్సును గీత మీద నిలబెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, తల స్టీరింగ్‌కు ఆనించాడు. కునుకు తీస్తున్నాడనుకుని అరగంట ఎవరూ పలకరించలేదు.

మరో ఏడాది గడిచాక పెద్దమేడం కొత్త మందు పరీక్ష మొదలుపెట్టింది. డెబ్బై రోజుల పని. రెండు గాజు పేగులు పక్కపక్కన నడపాలి. జాబితా చూడకుండా చీట్లు తీసింది. తొమ్మిది, పదిహేడు.

వంటక్క ఫ్రీజర్ తలుపు తీసి చాలాసేపు నిలబడింది. తెల్లటి చలి కాళ్ల మీదికి దిగుతోంది. తన చేతిరాత, కొంచెం ఎడమకు వాలిన ఏడు. ఆ క్షణంలో మేడంతో చెప్పి ఉండవలసింది. చెబితే ఆ జాడీలు తన చేతిలోంచి తీసేస్తారు. గొట్టాన్ని గోరువెచ్చటి నీళ్లలో పట్టుకుని కూర్చుంది. మంచు మెల్లగా కరిగి, గోధుమరంగు నీళ్లు గొట్టంలో అటూ ఇటూ కదిలాయి. అన్నయ్య ఒంట్లో ప్రాణం పోని భాగం ప్రపంచం మొత్తం మీద ఇదొక్కటే అనిపించింది. గొట్టం మూత తీసి జాడీలోకి ఎక్కించింది.

రెండు వారాలపాటు కొత్త కాపురం కుదురుకుంది. పెద్దపేగు జాడీల నుంచి వచ్చే గ్యాస్‌ను కొలవడానికి పైన చిన్న మీటర్లు ఉండేవి. ఒక్కో బుడగ దాటినప్పుడల్లా లోపలి రేకు ఒరిగి టిక్‌మనేది. తిండి ఎక్కించిన రెండు గంటలకు టిక్కులు జోరందుకుని, తర్వాత సద్దుమణిగేవి. రెండు పేగులూ ఒకేలా తిని, ఒకేలా అరిగించుకుంటున్నాయి. గ్రాఫులు కూడా అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి.

పందొమ్మిదో రోజున వంటక్క ఒక్కతే ఆ గదిలో సీసాలకు చీట్లు అంటిస్తోంది. మిట్టమధ్యాహ్నపు ఎండ తగ్గి, కారిడార్ నిశ్శబ్దంగా ఉంది. పన్నెండింటి తిండి అరిగిపోయి మీటర్లు రెండూ మౌనంగా ఉన్నాయి. ఉన్నట్టుండి వెనకనుంచి టిక్. కాసేపాగి మరోటి. ఆపైన వెంటవెంటనే, తలుపు బయట నిలబడి గోటితో మెల్లగా తడుతున్నట్టు. తిరిగి చూసింది. పదిహేడు. పక్కనున్న తొమ్మిదికి ఉలుకూ పలుకూ లేదు. గోడ గడియారం నాలుగుకు పది నిమిషాలు చూపిస్తోంది.

నాలుగూ పావుకు ఆగిపోయింది.

మర్నాడూ అదే వేళకు. ఆ మర్నాడూ అంతే. నాలుగో రోజున వంటక్క చేతిలోని పని పక్కన పెట్టి, స్టూలు లాక్కుని జాడీల ముందు కూర్చుంది. ద్రవం పైన నురుగు సన్నగా లేచింది. గొట్టాల్లో కదలిక లేదు, పంపు ఆగి ఉంది. లోపల ఎవరో లేచి కూర్చున్నట్టుగా, జాడీ గోడ వెంట బుడగలు పైకి పాకాయి. ఆమెకు ఏడుపు రాలేదు, భయమూ కాదు. అన్నయ్య స్నానాల గదిలోంచి వస్తున్నప్పుడు నేల మీద వినబడే తడి చెప్పుల చప్పుడు గుర్తొచ్చి, వీపు మీద రోమాలు లేచాయి.

గ్రాఫులో నాలుగింటి దగ్గర గూనిలా లేచిన గీతను పెద్దమేడం కూడా పట్టేసింది.

“పదిహేడుకు నాలుగింటికి ఏమవుతోంది వంటక్కా?”

“ఏమో మేడం. మీటరు తేడానేమో.”

మీటరు మార్చారు. గూని అక్కడే ఉంది. కిటికీలోంచి ఎండ పడి నీళ్లు వేడెక్కుతున్నాయేమోనని అట్టముక్కలు అడ్డం పెట్టారు. ఫలితం లేదు. రెండు పేగుల స్థలాలు మార్చారు. గూని పదిహేడు వెంటే నడిచి, బల్ల రెండో చివరకు వచ్చింది. చివరికి ఒకరోజు పన్నెండింటి తిండి పూర్తిగా ఆపేశారు. మధ్యాహ్నమంతా రెండూ మౌనం. నాలుగుకు పది నిమిషాలకు టిక్, టిక్, టిక్.

మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది. “కొన్ని సూక్ష్మజీవులకు లోపల గడియారం ఉండొచ్చంటారు. కానీ ఒంట్లోంచి తీసి, ఏడాదిన్నర పైగా గడ్డకట్టించి, గాజులో పోశాక? వాటికి నాలుగయిందని ఎవరు చెబుతున్నారు?”

వంటక్క ఖాళీ సీసాలు ఎత్తుకుని కడగడానికి వెళ్లింది.

ఆదివారాలు ఆమె వదిన దగ్గరికి వెళ్లేది. ఇద్దరూ కలిసి ఇంటిపని చేసుకుంటూ, పెద్దగా మాట్లాడుకోకుండానే సాయంత్రం చేసేవాళ్లు. ఆ ఆదివారం బట్టలు మడతపెడుతూ వంటక్క మూడోసారి గడియారం వైపు చూసింది.

“నాలుగింటికి ఎవరొస్తారని అట్లా చూస్తున్నావ్?” అంది వదిన.

అడిగిన తీరుకు వంటక్క దగ్గర అబద్ధం దొరకలేదు. దుప్పటి ఒళ్లో పెట్టుకుని మొత్తం చెప్పేసింది. డబ్బా, నంబరు, చీటి, టిక్కులు. వదిన ఏడుస్తుందనుకుంది. వదిన ఏడవలేదు. మడతపెట్టిన తువ్వాలు విప్పి మళ్లీ మడతపెట్టింది.

“ఏం పెడుతున్నారు దానికి?”

“పిండి, పీచు, అట్లాంటివే వదినా. రోజుకు మూడుసార్లు.”

“ఉప్పు వేస్తారా?”

“వేస్తాం.”

వదిన కిటికీ వైపు తిరిగింది. “నేను వెయ్యలేదు. చివరి రెండేళ్లూ చప్పిడి తిండే పెట్టాను. డాక్టర్ చెప్పాడని చిటికెడు కూడా వెయ్యలేదు. పాపం, పళ్లెం వంక చూసేవాడు, నా వంక చూసేవాడు, తినేవాడు.” కాసేపటికి, “నాలుగింటికి పెడతారా మరి?” అంది.

“లేదు. పన్నెండింటికి, మళ్లీ రాత్రి ఏడింటికి.”

“అంటే నాలుగింటికి లేచి కూర్చుంటే ఎవరూ పెట్టరన్న మాట.”

వంటక్క ఒళ్లోని దుప్పటిని మడతపెట్టడం మొదలుపెట్టింది.

మూడురోజుల తర్వాత వదిన ప్రయోగశాల గేటు దగ్గర నిలబడి ఉందని కాపలాదారు ఫోన్ చేశాడు. వంటక్క కిందికి పరుగెత్తి, సందర్శకుల పుస్తకంలో చుట్టం అని రాయించి, పైకి తీసుకొచ్చింది. టైము మూడూ నలభై. తెల్లకోటు తొడిగితే దాని చేతులు వదిన మునివేళ్ల దాకా వచ్చాయి. చివరిగదిలో స్టూలు మీద కూర్చుని, జాడీలను ఎడమ నుంచి కుడికి చూసింది, ఏ బస్సెక్కాలో తెలియని మనిషి బోర్డులు చదువుతున్నట్టు.

“ఏది ఆయనది?”

వంటక్క చూపించింది.

గోడమీది ముల్లు కదులుతోంది. ఎక్కడో కింది అంతస్తులో నీళ్ల కుళాయి తిప్పి ఆపిన చప్పుడు. నాలుగుకు పది నిమిషాలు. ఏమీ లేదు. తొమ్మిది నిమిషాలు. వంటక్కకు ఒక్క క్షణం గుండె తేలికపడింది, అంతా తన భ్రమేనేమో, గ్రాఫులు కూడా భ్రమేనేమోనని. అప్పుడు మొదలైంది. మామూలుగా ఒకటీ అరగా మొదలయ్యేది, ఆ రోజు వరసగా, ఊపిరి తిప్పుకోకుండా టిక్కులు. మూడు జాడీల మీదా నురుగు ఒక్కసారే లేచింది. ఇరవై రెండేళ్లలో వంటక్క అట్లాంటిది చూడలేదు.

వదిన లేవలేదు. చేయి చాపి జాడీ తొడుగు మీద అరచేయి పెట్టింది.

“వెచ్చగా ఉంది” అంది.

“నీళ్లు తిరుగుతాయి వదినా, దాని వేడి.”

“తెలుసులే.” చేయి తియ్యకుండానే, చాలా మామూలుగా, వంటగదిలోంచి మాట్లాడినట్టు, “ఇంకా కాలేదండీ. కూర్చోండి” అంది.

టిక్కులు తగ్గాయి. ఆగలేదు, తగ్గాయి. మెట్లు దిగి దూరంగా వెళ్తున్నట్టు ఒకటొకటిగా సన్నగిల్లి, నాలుగు కొట్టకముందే నిశ్శబ్దమైపోయాయి. వదిన లేచి, కోటు విప్పి, మడత పెట్టి ఇచ్చింది.

“ఆకలేసిన మనిషిని రోజూ ఆ టైముకు లేపి పస్తు పెట్టడం ఏం న్యాయమే? అది ఆయన కాదని నాకూ తెలుసు. ఆయన పొట్ట అది. పెడితే పెట్టండి, లేకపోతే ఆపెయ్యండి. మీ మేడంతో నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

వంటక్కే చెప్పింది. ఆ సాయంత్రమే, మేడం గదిలో నిలబడి, నియమం తప్పిన సంగతి ముందు, మిగతాది తర్వాత. మేడం కుర్చీలో వెనక్కి వాలింది. కోపం వస్తే గొంతు తగ్గించే మనిషి ఆమె.

“ఇప్పటికి యాభై ఎనిమిది రోజుల పని ఇది. నంబరు ఎవరిదో తెలిసిన చేయి పడ్డాక, ఆ లెక్క రిపోర్టులో పెట్టడానికి లేదు. మొదటిరోజే చెప్పి ఉంటే ఇంకో గొట్టం కరిగించేదాన్ని.”

“తప్పే మేడం.”

“తప్పే.” మేడం లేచి తలుపు దాకా వెళ్లి ఆగింది. “మీ అన్నగారు నిజంగా నాలుగింటికే తినేవారా? రోజూ?”

“ముప్ఫై ఒక్క ఏళ్లు.”

మర్నాడు పదిహేడును లెక్కలోంచి కొట్టేశారు. కానీ జాడీలు ఇంకా పన్నెండు రోజులు నడవాలి, తొమ్మిదితో పాటే కట్టేయాలి. మేడం తనే పంపు ముందు కూర్చుని, పదిహేడుకు మాత్రం పన్నెండింటి తిండిని నాలుగింటికి మార్చింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. వంటక్కను ఆ బల్ల ముట్టుకోవద్దంది గానీ, గదిలోంచి వెళ్లమనలేదు.

మొదటి రోజు నాలుగుకు పది నిమిషాలకు యథాప్రకారం టిక్కులు మొదలయ్యాయి. నాలుగింటికి పంపు తిరిగి, కుడితి మొదటి జాడీలోకి జారింది. అది ఇంకా పెద్దపేగు దాకా రానేలేదు, కడుపు జాడీలోనే ఉంది. టిక్కులు ఆగిపోయాయి. మేడం చేతిలోని కలం కూడా ఆగిపోయింది. “దానికింకా అందలేదు. ఎలా తెలిసింది?” అని గొణిగింది.

రెండో రోజు టిక్కులు తక్కువ. నాలుగో రోజు నాలుగుకు పది నిమిషాలకు గది చీమ చిటుక్కుమన్నా వినబడేలా ఉంది. మేడం, వంటక్క చెరో స్టూలు మీద కూర్చున్నారు. ఏమీ జరగలేదు. నాలుగు దాటింది, నాలుగున్నరయింది. ఆరింటికి మాత్రం, అందరి పేగులూ అరిగించుకున్నట్టే, తీరిగ్గా అరిగించుకుంది. ఆ తర్వాత కట్టేసేదాకా ఆ గూని మళ్లీ కనబడలేదు. ఆ నిశ్శబ్దం టిక్కులకన్నా ఎక్కువ భయపెట్టిందని వంటక్క తర్వాత వదినతో చెప్పింది. అందులో తృప్తి ఉందట.

డెబ్బయ్యో రోజున జాడీలను ఆవిరి పెట్టెలోకి ఎక్కించి, లోపలి ప్రాణాలన్నీ చచ్చేలా ఉడికించాలి. ఇలాంటివి నమ్మనివాళ్లే అయినా, ఆ మీట నొక్కకుండా మిగతా ఇద్దరు టెక్నీషియన్లూ తప్పించుకున్నారు, ఒకరికి తలనొప్పి, ఒకరికి బ్యాంకు పని. మేడం వంటక్క వైపు చూసింది. వంటక్క నొక్కింది. ఒత్తిడి ముల్లు పైకెక్కినంతసేపూ పెట్టె ముందే నిలబడి, దిగాక తలుపు తీసింది. లోపలినుంచి ఉడికిన కుడితి వాసన తప్ప ఏమీ రాలేదు. గాజంతా తనే కడిగింది.

ఫ్రీజర్‌లో ఇంకా నాలుగు గొట్టాలు మిగిలాయి. దాత చనిపోతే వాటిని ఉంచాలో, పారేయాలో ఇంటివాళ్లు చెప్పవచ్చు. మేడం వదినకు కాగితం పంపింది. ఉంచండి, పారేయండి అని రెండు గళ్లు. వదిన దాన్ని మూడు వారాలు బియ్యపు డబ్బా మీద పెట్టుకుని, ఒకరోజు తనే పట్టుకొచ్చింది. రెండు గళ్లూ ఖాళీగానే ఉన్నాయి.

“ఉంచమంటే లేపుతారు. పారెయ్యమంటే నాకు చేతులు రావడం లేదు” అంది మేడంతో. “నిద్రపోతున్నాడు గదా, పోనివ్వండి. లేపొద్దు. అట్లాంటి గడి ఉంటే అందులో టిక్కు పెడతాను.”

మేడం కలం తీసి కాగితం అంచున తన చేత్తోనే రాసింది: ఉంచవలెను, కరిగించరాదు. కింద గీత గీసి, వదిన చేత సంతకం పెట్టించింది. ఆ నాలుగు గొట్టాలూ అడుగు అరలోకి మారాయి.

వంటక్కకు ఒక హెచ్చరిక కాగితం ఇచ్చారు. ఇకమీదట దాతల డబ్బాలు అందుకోవడం, చీట్లు రాయడం ఆమె పని కాదన్నారు. వంట మాత్రం ఆమెదే.

మరుసటి ఏడాది అరవై దాటిన ఆడవాళ్లు కావాలని ప్రయోగశాల గేటుకు కాగితం అంటించారు. వదిన ఫోన్ చేసి ఎన్నింటికి రావాలో అడిగింది. వంటక్క వద్దందామనుకుంది. కారణం అడిగితే ఏం చెప్పాలో తెలియక ఊరుకుంది. వదిన వచ్చి, వేరే టెక్నీషియన్ చేతికి డబ్బా ఇచ్చి, వెళ్లేముందు వంటక్క వంటగదిలోకి తొంగిచూసింది.

“నాకే నంబరిచ్చారో నీకు తెలుసా?”

“తెలీదు వదినా. నాకు చెప్పరు.”

“మంచిదే” అంది వదిన. ఆవిరి పెట్టెలోంచి తీసి చల్లారబెట్టిన దాన్ని వంగి చూసి, వాసన చూసి, ముఖం చిట్లించింది. “ఉప్పు సరిపోయిందా దీంట్లో?”

“తూకం వేసే వేశాను.”

“తూకం కాదే, రుచి” అని, సంచీ భుజానికెత్తుకుని మెట్లు దిగింది.